తల్లి గుండీ

అమ్మ మాట మానేసింది.

దాంతో ఆ ఇంట్లో మాటన్నదే ఆగిపోయింది. ఎందుకంటే అక్కా తమ్ముడూ ఒకరితో ఒకరు పలకడం మానేసి వారం దాటింది, ఆ వారమంతా ఏ మాటైనా అమ్మ మీదుగానే నడిచింది. ఒకే బల్లకి అటూ ఇటూ కూచుని, ఉప్పు ఇటు జరపమని వాడితో చెప్పమ్మా అని అక్క అనేది. ఉప్పు ఆవిడగారి మోచేతి కిందే ఉందని చెప్పమ్మా అని తమ్ముడనేవాడు. అటొకసారీ ఇటొకసారీ తిరిగి చెప్పీ చెప్పీ అమ్మకి మెడ పట్టేసింది పాపం.

నిన్న భోజనాల దగ్గర ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది.

"మిమ్మల్ని కన్నాను గానీ, మీ ఇద్దరి మధ్యా టెలిఫోన్ తీగలా ఉంటానని ఒప్పుకోలేదు. ఇక నేనూ మాట్లాడను. పొండి."

అన్నంత పనీ చేసింది. పొద్దున్నే లేచి టీ పెట్టి, మూడు గ్లాసుల్లో పోసి, తన గ్లాసు తను తీసుకుని కిటికీ దగ్గర గుండీలు ఏరుకుంటూ కూచుంది. మిగతా రెండు గ్లాసులూ వంటగట్టు మీద చల్లారిపోయాయి. ముందు వెళ్లి తీసుకున్నవాళ్లు తగ్గినట్టని ఇద్దరికీ పంతం. నలభై దాటిన అక్కకీ అదే బుద్ధి, పెళ్లైన తమ్ముడికీ అదే బుద్ధి.

ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు. మంచం కింద, మెట్ల మీద, వంటింటి అలమరలో గిన్నెలు దించేసిన అరల్లో, ఎక్కడ చూసినా రేకు డబ్బాలే. గుమ్మం పక్కన ఆ డబ్బాలు కట్టి తెచ్చిన తాడు పెద్ద చుట్టలా పడి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పీటలా వాడుకుంటున్నారు. వీధి మలుపులో నాన్న పెట్టిన గుండీల కొట్టు ఇప్పుడు లేదు. ఆ భవనం పడగొడుతున్నామని యజమాని ఖాళీ చేయించాడు. నాన్న పోయాక ఆ కొట్టు నడిపింది అక్కే. వీధిలో ఆమెని ఎవరూ వేరే పేరుతో పిలవరు, గుండీలక్క అంటారు. కొట్టు పోయినా పిలుపు మిగిలింది. ఆ పిలుపు నిలబెట్టుకోవాలంటే ఇక ఆన్‌లైన్‌లో కొట్టు పెట్టాల్సిందే. దాని మీదే ఇంత గొడవా.

అద్దె కొట్టా, సొంత కొట్టా అన్నది తగువు.

ఆన్‌లైన్‌లో అన్నీ సిద్ధం చేసి ఉంచిన కంపెనీలుంటాయి. నెలనెలా అద్దె కడితే ఒక చోటిస్తాయి. అరలు వాళ్లవి, తాళం వాళ్లది, డబ్బు చేతులు మారే ఏర్పాటు వాళ్లది, దొంగలు పడకుండా కాపలా కూడా వాళ్లదే. మనం ఫొటో పెట్టి, ధర రాసి, ఎన్ని ఉన్నాయో చెప్పి కూచోవడమే. అది అక్కకి కావాలి. అలా కాకుండా, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని మన సర్వర్ మీద మనమే కొట్టు కట్టుకోవచ్చు. అర ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, పొమ్మనేవాడుండడు. కానీ మేకు ఊడినా మనమే కొట్టాలి. అది తమ్ముడికి కావాలి. వాడు కంప్యూటర్లు తెలిసినవాడు. పనిచేసే కంపెనీ మూతపడి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఈ పని నెత్తికెత్తుకున్నాడు.

ఇంకా కొట్టు తెరవకుండానే దానికేం పేరు పెట్టాలని కూడా ఇద్దరూ కొట్టుకున్నారు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది మీ వరస అని అప్పట్లో అమ్మ నవ్వింది కూడా. నవ్వులు పోయి పంతాలు వచ్చింది మాత్రం వారం కిందట.

"అద్దెకున్నాం కాబట్టే కదక్కా రోడ్డున పడ్డాం," అన్నాడు తమ్ముడు. "మళ్లీ అద్దేనా? రేపు వాళ్లు రేటు పెంచుతారు. రూలు మారుస్తారు. ఒకరోజు పొద్దున్నే మూసేస్తున్నాం పొమ్మంటారు. అప్పుడీ డబ్బాలు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతావ్?"

"సొంతమైతే కప్పు కారదా?"

"కారితే నేనెక్కుతాను."

"అదే నాకొద్దు."

ఆ ఒక్క మాటతో వాడి మొహం మాడిపోయింది. తన పని మీద అక్కకి నమ్మకం లేదనుకున్నాడు. ఉద్యోగం పోయి ఇంటికొచ్చినవాడికి అది పుండు మీద కారం చల్లినట్టే. లేచి మెట్లెక్కి పోయాడు. అప్పట్నుంచి ఈ మూగనోము.

మరి అక్క ఎందుకలా అంది? అది వాడికి తెలియదు. అమ్మకీ తెలియదు.

అంతకు ముందు రోజు ఆమె పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. దుప్పటికి అవతల, వెనక మెట్టు మీద కూచుని వాడు ఫోన్లో పెళ్లాంతో మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల వేరే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. వాడి పాత ఆఫీసరు అదే ఊళ్లో కొత్త కంపెనీ పెట్టాడట, రమ్మని కబురు మీద కబురు పంపిస్తున్నాడట. అటువైపు మాటలు వినపడలేదు గానీ వీడి మాటలు చాలవూ.

"వస్తాను. అక్క కొట్టు కట్టడం అవనీ. కట్టాక మాత్రం, దాన్ని చూసుకునే మనిషుండాలిగా. ఏమో, ఎన్నాళ్లో చెప్పలేను. ఆగలేకపోతే వేరేవాళ్లని తీసుకోమను."

చేతిలో తడి దుప్పటి కారుతుండగా అక్క అలాగే నిలబడిపోయింది. సొంత కొట్టు కడితే వాడు దానికి కాపలాదారైపోతాడు. ఏ నెలకానెల సాఫ్ట్‌వేర్ మార్చాలి, దాచిన నకళ్లు చూడాలి, చెడిపోతే బాగుచెయ్యాలి. వాడి పెళ్లాం ఒక ఊళ్లో, వాడొక ఊళ్లో, మధ్యలో అక్క గుండీలు. అద్దె కొట్టైతే ఆమె ఒంటిచేత్తో నడుపుకుంటుంది. వాడు వెళ్లిపోవచ్చు.

వెళ్లిపోవాలి అనుకోగానే గుండె చెరువైపోయింది ఆమెకి. వాడుంటే బాగుండదా? ఈ కొన్ని నెలలూ ఇంట్లో ఎంత సందడి. ఎక్కువసేపు నిలబడకు, మోకాళ్లు పోతాయి అని కసిరేదీ వాడే, కూరలో ఉప్పెక్కువైందని వంకలు పెడుతూనే రెండోసారి వడ్డించుకునేదీ వాడే. వాడుండాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ తన సుఖం కోసం తమ్ముడి కాపురాన్ని మూలన పడేస్తే ఆమె అక్క ఎలా అవుతుంది? పోనీ, వెళ్లరా అని మొహం మీద చెబుతుందా అంటే, వాడు పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. వెళ్లమంటే చచ్చినా వెళ్లడు. అందుకని, నీ కప్పు నాకొద్దు అంది. అనేసి ఆ రాత్రి తిండి మానేసింది.

సరే, ఇవాళ్టి సంగతికి వద్దాం.

మాట మోసే మనిషి లేకపోయేసరికి తమ్ముడు ఒక ఉపాయం చేశాడు. తన కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టి, తెర అక్క వైపు తిప్పి, ఏమీ ఎరగనట్టు మెట్ల మీద కూచున్నాడు. తను కట్టిన కొట్టు చూడమని దానర్థం. చూడకూడదనే అనుకుంది ఆమె. కాసేపు బల్ల తుడిచింది. తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది. ఆఖరికి కూచుంది.

తెర మీద మొదటి గుండీ చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆకుపచ్చ కోటు గుండీ. దాని కింద రాయి, ఆ రాయి అంచు విరిగి ఉంది. అది వాళ్ల పాత కొట్టు గుమ్మం. ఖాళీ చేసే ముందు రోజుల్లో తెల్లారగానే వాడు కొట్టు తుడవడానికని వెళ్లేవాడు. తుడిచినట్టు ఒక్కనాడూ కనపడలేదని ఆమె తిట్టుకునేది కూడా. గుండీలన్నిటినీ ఒక్కొక్కటే ఆ గుమ్మం మీద పెట్టి ఫొటోలు తీసుకున్నాడన్నమాట.

గుమ్మం ఎందుకో ఆ ఇంట్లో వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎవరైనా ఊడిన గుండీకి జత వెతుక్కుంటూ వస్తే నాన్న లోపల చూసేవాడు కాదు. దీపం కింద రంగు అబద్ధం చెబుతుంది అనేవాడు. గుమ్మం దాకా తీసుకెళ్లి, పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూసేవాడు. అలా చూడటానికి ప్రతి డబ్బా మూతకీ చిల్లు పొడిచి, అందులోని రకం గుండీ ఒకటి దారంతో కట్టేవాడు. దాన్ని తల్లి గుండీ అంటారు. డబ్బా ఖాళీ అయినా తల్లి గుండీ అమ్మరు. అదుంటే ఆ రకం మళ్లీ తెప్పించుకోవచ్చు, లేదా దానికి దగ్గరగా ఉన్నదేదో వెతికివ్వచ్చు. అది పోతే ఆ గుండీ ఈ లోకంలో ఉండేదన్న సంగతే పోతుంది. ఎంత కావలసినవాళ్లు అడిగినా ఇచ్చేవాడు కాదు నాన్న.

అక్క ఊరికే ఆ కోటు గుండీలన్నీ కొంటున్నట్టు నొక్కి చూసింది. డబ్బాలో ఉన్నవన్నీ బుట్టలో పడ్డాయి. ఇంకొకటి నొక్కింది. అక్కడ ఆగిపోయింది. తెర మీద అక్షరాలొచ్చాయి: ఇంకొకటుంది గానీ అది తల్లి గుండీ, ఇంట్లోనే ఉంటుంది. మీ గుండీ పంపితే గుమ్మంలో పెట్టి జత చూసి చెబుతాం.

ఆమె కళ్లు మసకబారాయి. చిన్నప్పుడు గుండీ మింగి వీధంతటినీ పరిగెత్తించిన ఘనుడు వీడు. చదువంటూ ఊరు దాటి ఎన్నేళ్లో అయింది. కొట్టు మొహం చూడనివాడికి కొట్టు పద్ధతులేం తెలుస్తాయిలే అనుకుంది ఆమె. నాన్న చెయ్యి ఎక్కడ ఆగేదో అక్కడే ఆగేలా కట్టాడు. బాగుందిరా నాయనా అనబోయింది. నోరు తెరిచింది కూడా.

అంతలో తెర తెల్లబోయింది. కొట్టు లేదు, గుండీ లేదు.

మెట్ల కింద చీకట్లో తమ్ముడు ఒక పాత కంప్యూటర్ పెట్టాడు. ఆ కొట్టంతా అందులోనే ఉంది. అక్కడ రాత్రీ పగలూ ఒక పచ్చ దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. మనిషి లేని చోట దీపమెందుకన్నది అమ్మ సిద్ధాంతం. అటుగా వెళ్తూ స్విచ్చి తీసేసి, వచ్చి మళ్లీ కిటికీ దగ్గర కూచుంది. తమ్ముడు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. స్విచ్చి చూశాడు, అమ్మని చూశాడు. కేకలేద్దామని నోరు తెరిచి మూసుకున్నాడు. మాట్లాడననుకున్న మనిషితో పోట్లాడేదెలా?

అక్క గోడ వైపు తిరిగింది. "కప్పు కారింది," అంది గోడతో.

తమ్ముడు ఎదురు గోడకి సమాధానం చెప్పాడు. "ఇది పరీక్షకి పెట్టింది. అసలుది పెద్ద సర్వర్ మీద పెడతాను. దాన్ని ఎవరూ ఆపలేరు."

"ఆ పెద్ద సర్వర్ మనదేనా?"

తమ్ముడు గోడ మీది సున్నం గోరుతో గీకాడు. "అద్దెది," అన్నాడు వాడు. "స్థలం అద్దెది. గోడలు మనవి."

కిటికీ దగ్గర అమ్మ భుజాలు కదిలాయి. మొహం వీధి వైపు పెట్టుకుని నవ్వుకుంటోంది. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. వాడు చేసిందంతా అక్క చూసి కూడా ఒక్క మంచి మాట అనలేదు. స్విచ్చి వేసి, తల దించుకుని, మేడ మీది గదిలోకి పోయాడు. వెనకే వెళ్లి వీపు నిమురుదామనిపించింది ఆమెకి. వెళ్లలేదు. ఇప్పుడు మెత్తబడితే వాడు జన్మకి కదలడు.

అప్పుడే ఆమె ఫోన్ టింగుమంది.

ఆమె కూడా ఊరికే కూచోలేదు మరి. కొన్నాళ్లు అద్దె లేకుండా నడుపుకుని చూడమని ఒక కంపెనీ ఇస్తే, తమ్ముడికి చెప్పకుండా చిన్న కొట్టొకటి తెరిచింది. వీధిలో పాత ఖాతాదారులకి నలుగురికి చెప్పింది. మరదలికి కూడా కొట్టుకి దారి, అదే లింకు, పంపింది, ఎలా ఉందో చూడు అని. దానికి మొదటి ఆర్డరు వచ్చింది. ముత్యపుచిప్పతో చేసిన తెల్ల గుండీలు, అన్నిటికన్నా చిన్న రకం. ఉన్నవన్నీ కావాలట.

అక్క అలమర పై అరలోంచి ఆ డబ్బా దించింది. గుండీలు గుడ్డ మీద పోసి లెక్కపెట్టింది. ఒకటి తక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు మూత మీదికి చూపు పోయింది.

ఎన్ని ఉన్నాయి అని అద్దె కొట్టు అడిగిన రోజున, అమ్మ చెబుతుంటే ఆమె ఎక్కించింది. అమ్మ వేళ్లతో లెక్కపెడుతుంది. డబ్బాలోవన్నీ చెప్పి, అలవాటుగా మూత మీద తట్టి, ఇదొకటి అంటుంది. అమ్మ చెప్పినంతా అక్క ఎక్కించేసింది. ఇన్నేళ్లలో ఆ పొరపాటు జరగలేదంటే కారణం, కొట్లో లెక్క ఎలా ఉన్నా చెయ్యి ఆగేది. అద్దె కొట్టుకి చెయ్యి లేదు. తల్లి గుండీని కూడా అమ్మేసింది. వాడు కట్టినదైతే ఆగేది కదా అని ఆమె మనసు చివుక్కుమంది.

తప్పైపోయింది, ఒకటి తగ్గించి పంపుతామని చెప్పాలి. ఎవరికి చెప్పాలో చూసింది. మరదలి పేరు, తమ్ముడు కాపురముండే ఇంటి చిరునామా.

ఆ పిల్లకి ఇవెందుకు? చిటికెన వేలి గోరు కన్నా చిన్నవి. పెద్దవాళ్ల చొక్కాకి పట్టవు, రవికకి పట్టవు, దిండు గలీబుకి అసలే పట్టవు. ఒక గుండీ అరచేతిలో వేసుకుంది అక్క. అంచులు నున్నగా అరగదీసి ఉంటాయి ఈ రకానికి. ఒంటికి గీసుకోకూడదని. ఎవరి ఒంటికి?

ఆమె గుండీలన్నీ మళ్లీ డబ్బాలో పోసింది. ఇవి పొత్తిళ్లలో పిల్లల చొక్కాలకి కుట్టేవి. ఇంకెక్కడా పనికిరావు.

డబ్బా ఒళ్లో పెట్టుకుని, పెరటి తలుపు వేసుకుని, మరదలికి ఫోన్ చేసింది.

"బాగున్నారా వదినా?"

"నేను బాగానే ఉన్నానమ్మాయ్. నువ్వు తింటున్నావా? తిన్నది ఒంటికి పడుతోందా?"

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "తెలిసిపోయిందా వదినా?"

"గుండీలకొట్టు మనిషిని పట్టుకుని అడుగుతున్నావా? ఈ గుండీలు ఇంకెవరి చొక్కాకి పడతాయే పిచ్చిపిల్లా?"

ఆ పిల్ల కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. ఇటు అక్క పనీ అదే. అడగ్గా అడగ్గా సంగతంతా చెప్పింది. అక్క పంపిన దారి భర్త కట్టిన కొట్టుదే అనుకుందట. రోజూ ఆయన దాని గురించే చెబుతుంటే ఇంకోటుందని ఎలా అనుకుంటుంది? ఇంట్లో వాళ్లు మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఆ పిల్లకి తెలియనే తెలియదు.

"ఆయన చేతికే వెళ్తాయనుకున్నాను వదినా. ఫోన్లో చెబితే ఉన్నపళాన పరిగెత్తుకొస్తారు. నేను లాక్కొచ్చినట్టుంటుంది. గుండీలు చూసి తనంతట తను తెలుసుకుంటే, రావాలని తనకే అనిపిస్తే బాగుంటుందని. అంతే."

"నీ కబురు నేను చెప్పను. అది నా నోటితో చెప్పేది కాదు," అంది అక్క. "కానీ అది చేరాల్సిన చోటికి చేరుస్తాను. నువ్వు వెళ్లి కాస్త పడుకో."

లోపలికొచ్చి కత్తెర తీసుకుంది. మూత మీది దారం పట్టుకుని చటుక్కున కత్తిరించింది. కిటికీ దగ్గర అమ్మ చేతులు ఆగిపోయాయి. తల్లి గుండీ దారం తెగడం ఆవిడ ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ చూడలేదు. కళ్లెర్రజేసి చూసింది. అక్క ఏం మాట్లాడకుండా ఆ గుండీ తీసుకెళ్లి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ వేళ్లు దాన్ని ఒకసారి తిప్పాయి. ఇంకోసారి తిప్పాయి. తలెత్తి మేడ వైపు చూసింది, కూతురి మొహంలోకి చూసింది. అక్క తలూపింది. అమ్మ రెండో చేత్తో తన నోరు తనే గట్టిగా మూసుకుంది. మాట్లాడననుకున్నందుకు ఆవిడ పడాల్సిన కష్టమంతా ఆ ఒక్క నిమిషంలోనే పడింది.

"ఒరే చిన్నోడా," అని పిలిచింది అక్క.

వారం తర్వాత వచ్చిన పిలుపు. మేడ మీద కుర్చీ కిర్రుమంది. మొదటి పిలుపుకే దిగితే చులకనని కాబోలు, కాస్త ఆగి దిగాడు.

"ఆర్డరొచ్చింది. ఇవి గుమ్మంలోకి తీసుకెళ్లి జత చూడు. అన్నీ ఒక్క రంగేనా కాదా అని."

"ఎవరి కొట్టుకొచ్చింది?"

"నా అద్దె కొట్టుకే. చూడు ముందు."

వాడు గుండీలందుకుని గుమ్మం దాకా నడిచాడు. ఒకదానికి దారం ముక్క వేలాడుతోంది. "అక్కా, ఇందులో తల్లి గుండీ ఉంది. పొరపాటున కోసేశావ్."

"పొరపాటున లెక్కలోకి వచ్చింది. కోసింది మాత్రం తెలిసే కోశాను."

"ఇందుకే మొత్తుకున్నాను. అద్దె కొట్లో మన పద్ధతి మనకుండదు, వాళ్లకి అన్నీ సరుకే. నేను కట్టినదాంట్లో అయితే..."

"ఎవరికి పంపాలో అది కూడా చూడు." ఆమె ఫోన్ వాడి ముందు పెట్టింది.

వాడు చదివాడు. చదివి నవ్వాడు. ఈవిడకెందుకు ఇవి, ఆసుపత్రి కోటుకి ఇంత చిన్నవి పట్టవు కదా అన్నాడు. తెప్పించుకుని ఏం చేసుకుంటుంది అన్నాడు. ఆ మాట సగంలో ఉండగానే చెయ్యి పగటి వెలుగులోకి చాపి, ఒక గుండీ అంచు మీద బొటనవేలితో రుద్దాడు. గుండీ మింగిన ఘనుడే గానీ గుండీల ఇంట్లో పుట్టినవాడు. వేలు అక్కడే ఆగింది. వాడి వీపు మాత్రమే అక్కకి కనపడుతోంది. చిన్నప్పుడు ఏడుపొస్తే ముందు వాడి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడూ అవే ఎర్రబడ్డాయి. మెల్లగా గుమ్మంలో కూచుండిపోయాడు.

"అక్కా."

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదు తను?"

"చెప్పిందిగా. నీ చేతిలోనే ఉంది."

అక్క వచ్చి వాడి పక్కన, తాడు చుట్ట మీద కూచుంది. వాడి వీపు మీద చెయ్యి వేసింది. పొద్దున్న వెయ్యని చెయ్యి.

"ఇవి పార్సిల్లో పంపేవి కావు. నువ్వే తీసుకెళ్లివ్వు. మీ పాత ఆఫీసరుకి కూడా ఫోన్ చెయ్యి."

"ఆయన సంగతి నీకెలా తెలుసు?"

"నేను దుప్పట్లారేస్తుంటే నువ్వు ఊరంతా వినపడేలా మాట్లాడితే తెలియదా?"

వాడు ఆమె వైపు తిరిగాడు. "కప్పెక్కొద్దన్నది అందుకా?"

ఆమె మాట మార్చింది. నీ కొట్టు నా కొట్టు కన్నా వంద రెట్లు బాగుందిరా అంది. తల్లి గుండీ దగ్గర ఆగినప్పుడు నాన్నే చెయ్యి పట్టుకున్నట్టయి ఏడుపొచ్చిందని కూడా చెప్పింది. "కానీ దానికి ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి నాకు అక్కడ కావాలి, ఆ పిల్ల దగ్గర. ఇక్కడ కాదు."

వాడు కళ్లు తుడుచుకున్నాడు. గుండీలు గుప్పిట్లో పట్టుకుని వీధి వైపు చూస్తూ కూచున్నాడు. చూసి చూసి, ఏదో తెలియక అడుగుతున్నట్టు అడిగాడు.

"నీ అద్దె కొట్టు ఎక్కణ్నించైనా నడుస్తుందా?"

"ఎక్కణ్నించైనా. మొదట్నుంచీ చెబుతున్నది అదేగా. తాళం చెవి ఈ ఫోన్లోనే ఉంటుంది."

"మరి డబ్బాలు?"

"డబ్బాలకేం, ఎక్కడ పెడితే అక్కడుంటాయి."

"అయితే నువ్వూ రా," అన్నాడు. "నువ్వూ అమ్మా. మా ఇంట్లో ముందుగది ఖాళీయే. గుమ్మం తూర్పు వైపు. పొద్దున్నంతా వెలుగే."

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడటమంటే ఇదే కాబోలు అనుకుంది అక్క. వాణ్ని పంపడానికి వారం నుంచీ నోరు కట్టుకుంది గానీ, తను కదలడమన్నది ఆమె ఊహలో లేనే లేదు. వీధి వైపు చూసింది. మలుపులో కొట్టున్న చోట దుమ్ము లేస్తోంది. గుండీలక్కా అని పిలిచే వీధి ఇది. ఇది దాటితే ఆమెని ఎవరు ఏమని పిలుస్తారు? అసలు నేనెక్కడికి వస్తానురా అందామనుకుంది. ఇక్కడ నాకు, అని మొదలుపెట్టింది. ఇక్కడ ఏముందో చెప్పడానికి మాట దొరకలేదు.

"తల్లి గుండీ డబ్బా వదిలి ఎక్కడికి పోతుందిరా?" అంది చివరికి, నవ్వుతున్నట్టు.

తమ్ముడు నవ్వలేదు. గుప్పిట విప్పి చూపించాడు. తెల్ల గుండీల మధ్య దారం ముక్కతో అది కూడా ఉంది.

"ఇవాళ పోతోందిగా," అన్నాడు.

అక్క ఆ అరచేతిలోకి చూస్తూ ఉండిపోయింది. వస్తాననలేదు, రాననలేదు. వెనక, ఇంట్లో, రేకు మూతలు ఒక్కొక్కటే గట్టిగా నొక్కుతున్న చప్పుడవుతోంది. ఆ చప్పుడు ఆగింది. నిన్నటి నుంచి నోరు విప్పని అమ్మ గొంతు వినపడింది.

"ఏమే, ఆ తాడెక్కడ పెట్టావు?"

తాడు తన కిందే ఉందని అక్కకి తెలుసు. లేవలేదు.